ఎముకల బలం కాపాడుకుందాం – పాఠం 3: డెక్సా రిపోర్టు చదవడం

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ టెస్టోస్టెరాన్‌ని తగ్గిస్తుందనీ, దానితోపాటు మగవాళ్ల ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజెన్ కూడా పడిపోతుందనీ పోయిన పాఠంలో చూశాం. ఎముక వేగంగా పలచబడేది మొదటి ఏడాదిలోనే. అది ఎంతవరకు వచ్చిందో చెప్పేది డెక్సా పరీక్ష. ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ కాగితంలో ఏ అంకె దగ్గర ఆగాలో మీకు తెలియాలి.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. బోన్ స్కాన్ వేరు, డెక్సా వేరు. క్యాన్సర్ ఎముకకి పాకిందా అని వెతికేది బోన్ స్కాన్. ఎముక సాంద్రతని కొలిచేది డెక్సా. "బోన్ స్కాన్ క్లియర్‌గా వచ్చింది కదా" అని రెండోది వదిలేస్తే పెద్ద పొరపాటే. క్యాన్సర్ తాకని ఎముక కూడా గుల్లబారి విరగొచ్చు.

రిపోర్టులో టీ-స్కోరు అనే వరుస వెతకండి. ఆరోగ్యంగా ఉన్న యువ వయసువారి ఎముకతో పోలిస్తే మీది ఎక్కడుందో అది చెబుతుంది. మైనస్ 1, అంతకన్నా పైన ఉంటే మామూలే. మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఎముక పలచబడింది, దీన్ని ఆస్టియోపీనియా అంటారు. మైనస్ 2.5, అంతకన్నా కిందికి వెళ్తే బోలు ఎముకల వ్యాధి. పక్కనే జెడ్-స్కోరు ఉంటుంది, అది మీ ఈడువాళ్లతో పోలిక. అది బాగుందని ధైర్యపడొద్దు.

ఇప్పుడు అభ్యాసం కోసం నేను రాసిన రిపోర్టు ఒకటి చూడండి. అన్నీ టీ-స్కోర్లే. ఎల్1 నుంచి ఎల్4 అంటే నడుములోని నాలుగు వెన్నుపూసలు.

నడుము మొత్తం (ఎల్1–ఎల్4): మైనస్ 0.3
ఎల్1: మైనస్ 1.8, ఎల్2: మైనస్ 1.5, ఎల్3: ప్లస్ 0.6, ఎల్4: ప్లస్ 1.2
తుంటి మొత్తం: మైనస్ 1.9
తుంటి దగ్గర తొడ ఎముక మెడ భాగం: మైనస్ 2.6

మొదటి వరుస చూసి "నార్మల్" అని కాగితం మడిచేయాలనిపిస్తుంది. అక్కడే ఆగండి. ఎల్2 నుంచి ఎల్3కి స్కోరు ఒక్కసారిగా 2 పైన ఎగిరింది. పక్కపక్కన ఉండే పూసల మధ్య 1 కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలి. వయసుతో వెన్నుపూసల అంచుల్లో పెరిగే ఎముక ముళ్లు, కొన్నిసార్లు ఎముకకి పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా, యంత్రానికి గట్టి ఎముకలాగే కనిపిస్తాయి. అందుకే పెద్ద వయసు మగవాళ్లలో నడుము స్కోరు ఉన్నదానికంటే బాగా కనిపించడం మామూలే. నా మాటగా చెప్తున్నా, చూపు ముందు తుంటి మీద పెట్టండి. నమ్మదగిన చోట్లలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన స్కోరే లెక్క. ఇక్కడ అది మైనస్ 2.6, అంటే బోలు ఎముకల వ్యాధి.

పాత రిపోర్టు ఉంటే టీ-స్కోరుతో కాకుండా సాంద్రత అంకెతో (రిపోర్టులో బీఎండీ అని ఉంటుంది) పోల్చండి. తుంటి మొత్తం పోయినసారి 0.744, ఇప్పుడు 0.710 అనుకుందాం. తగ్గింది 0.034. దాన్ని 0.744తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 4.6 శాతం. ఇంత చిన్న తేడాలో కొంత కొలతలోని పొరపాటు కూడా కావచ్చు. కాబట్టి వీలైనంతవరకు ప్రతిసారీ అదే యంత్రం మీద తీయించుకోండి, వాళ్ల యంత్రంలో ఎంత తేడాని నిజమైన మార్పుగా లెక్కేస్తారో అడగండి.

స్కోరు ఎంత బాగున్నా సరే, నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రానికే తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగితే ఆ ఎముక బలహీనమైనట్టే. క్యాన్సర్ ఉన్నవాళ్లకి కొత్తగా నడుము నొప్పి వచ్చి కాళ్లు బలహీనపడినా, మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ వారం పని: మీ రిపోర్టులో ఎల్1 నుంచి ఎల్4 వరకు నాలుగు స్కోర్లు, తుంటి రెండు స్కోర్లు ఒక కాగితం మీద రాయండి. అన్నిటికన్నా తక్కువదాని చుట్టూ గీత గీయండి. అసలు డెక్సానే తీయలేదంటే డాక్టర్‌గారిని అడగండి. పళ్ల డాక్టర్‌కి చూపించుకోవడానికి కూడా ఇదే సమయం. వచ్చే పాఠంలో చెప్పబోయే ఎముకల మందులు మొదలుపెట్టాక పన్ను పీకించుకుంటే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.