తక్కువ రేటు ఇయర్‌ఫోన్స్ బాలేవని పక్కన పడేసే ముందు ఇవి చేసి చూడండి

కొన్నేళ్ళ కింద ఒక వైర్ ఇయర్‌ఫోన్ కొన్నా, రెండ్రోజులు విని ఇందులో బేసే లేదు అంతా డబ్బా సౌండ్ అనుకుని తమ్ముడికి ఇచ్చేశా. వారం పోయాక వాడొచ్చి అన్నా ఇంత మంచిది ఎందుకిచ్చేశావ్ అంటున్నాడు. నమ్మకం కుదర్లేదు, తీసుకుని పెట్టుకుని చూస్తే నిజంగానే వేరే ఇయర్‌ఫోన్ లాగుంది, డ్రమ్స్ అన్నీ నిండుగా వినిపిస్తున్నాయి. వాడు చేసిందల్లా డబ్బాలో ఊరికే పడున్న పెద్ద సైజు రబ్బర్లు తీసి తొడగడమే. అప్పట్నుంచి నేను ఎవరు ఇయర్‌ఫోన్ బాలేదని చెప్పినా ముందు అడిగే ప్రశ్న ఒకటే, రబ్బర్లు మార్చి చూశారా అని. పదిమందిలో ఎనిమిది మంది చూసుండరు, డబ్బాలో వచ్చిన మీడియం సైజే ఏళ్ళ తరబడి వాడుతుంటారు.

అందుకే దీంతోనే మొదలుపెడదాం. చెవి లోపలికి వెళ్ళే ఇయర్‌ఫోన్ పని చేసే పద్ధతే అది, రబ్బర్ చెవి రంధ్రాన్ని గాలి పోకుండా మూసేయాలి. ఎక్కడైనా చిన్న సందు ఉంటే బేస్ మొత్తం అందులోంచి జారిపోతుంది, హై సౌండ్స్ మాత్రం అలాగే మిగిలిపోతాయి, దాంతో మనకి అంతా గీరుకుపోతున్నట్టు కీచుగా వినిపిస్తుంది. అప్పుడేం చేస్తాం, వాల్యూమ్ పెంచుతాం, చెవి నొప్పి పెడుతుంది, ఇయర్‌ఫోన్‌ని తిట్టుకుంటాం. సీల్ సరిగ్గా పడిందో లేదో చూసుకోడానికి ఒక తేలిక పద్ధతుంది, బేస్ బాగా ఉన్న పాట ఏదైనా పెట్టి రెండు ఇయర్‌పీసుల్నీ వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగి, వదలగానే తగ్గిపోయిందంటే సీల్ లేదన్నమాట, సైజు మార్చాల్సిందే. నొక్కినా వదిలినా ఒకేలా ఉంటే బానే కూర్చుంది.

ఇంకో విషయం, రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని ఏం లేదు. నాకు కుడి వైపు మీడియం, ఎడమ వైపు లార్జ్ పడుతుంది, మొదట్లో ఇదేంటి ఇలా అనుకున్నా కానీ చాలామందికి అంతేనంట. కాబట్టి రెండు వైపులా విడివిడిగా ట్రై చేయండి. పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యమే, కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చెయ్యి తల వెనకనుంచి తిప్పి చెవిని పైకీ కొంచెం వెనక్కీ లాగి పట్టుకుని, అప్పుడు ఇయర్‌పీస్ లోపల పెట్టి కొద్దిగా తిప్పి వదిలేయండి. అలా లాగినప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది, రబ్బర్ మడత పడకుండా కూర్చుంటుంది. ఏ సైజు సిలికాన్ రబ్బరూ పడకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి, మెత్తగా స్పాంజి లాగుంటాయి. వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి ఓ 20, 30 సెకన్లు పట్టుకుంటే లోపల ఉబ్బి మీ చెవి ఆకారానికి వచ్చేస్తాయి, బయటి గోల కూడా బాగా తగ్గుతుంది. కాకపోతే సిలికాన్ లాగా ఏళ్ళు రావు, కొన్ని నెలలకి గట్టిపడిపోతాయి, కీచు సౌండ్ కొంచెం అణిగిపోతుంది కూడా, కీచుగా అనిపించే ఇయర్‌ఫోన్‌కి అదే మంచిదవుతుంది. కొనేటప్పుడు మీ ఇయర్‌పీస్ గొట్టం ఎంత లావుందో చూసుకుని కొనండి, లేకపోతే టిప్ ఊడిపోయి చెవిలోనే ఉండిపోతుంది.

పెట్టుకునేటప్పుడు కొన్నిట్లో పేపర్ నలిగినట్టు టప్ టప్ మని ఒక శబ్దం వస్తుంది, చాలామంది పాడైపోయిందని భయపడతారు. లోపలి గాలి ఒత్తిడికి డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) పొర వంగి మళ్ళీ మామూలుగా అవ్వడం అది. మెల్లగా పెట్టుకుంటే తగ్గుతుంది. ఇయర్‌పీస్ మీద ఎక్కడో సూది మొనంత రంధ్రం కనపడుతుంది కదా, అది గాలి పోడానికి కావాలనే పెట్టింది, దాని మీద స్టిక్కర్ అంటించడం, మూసేయడం లాంటివి చెయ్యొద్దు, బేస్ మారిపోతుంది.

ఇక ఒక వైపు సౌండ్ తగ్గిపోవడం. ఇది నేను చూసినవాటిల్లో అన్నిటికన్నా ఎక్కువ, దీనికి కారణం ఎక్కువసార్లు గులిమే. గొట్టం చివర సన్నటి జల్లెడ ఉంటుంది, దాని మీద గులిమి పేరుకుని ఎండిపోతుంది, బయటికి పెద్దగా కనపడదు, వెలుతురులో పెట్టి చూస్తే తెలుస్తుంది. దీన్ని క్లీన్ చేసేటప్పుడే చాలామంది ఇయర్‌ఫోన్‌ని చంపేస్తారు, పిన్నీసు పెట్టి పొడుస్తారు, జల్లెడ చిరిగి లోపలికి పోతుంది, లేదంటే గులిమినే ఇంకా లోపలికి తోసేస్తారు. అలా కాకుండా ముందు రబ్బర్లు తీసేసి వాటిని గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బేసి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఇయర్‌పీస్‌ని జల్లెడ కిందికి ఉండేలా తిప్పి పట్టుకుని, మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో కింద నుంచి మెల్లగా దులపండి, అప్పుడు రాలింది లోపలికి పోకుండా కింద పడుతుంది. ఇయర్‌పీస్ మీద నీళ్ళు పోయకండి, నోటితో గట్టిగా ఊదకండి, ఊదితే తేమ లోపలికెళ్తుంది. నేను నెలకి రెండుసార్లు చేస్తా, రోజూ వ్యాయామం చేస్తూ వాడేవాళ్ళయితే వారానికోసారి చేస్కుంటే మంచిది.

క్లీన్ చేసినా ఒక వైపు తక్కువే వస్తుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకెళ్ళి ఆడియో బ్యాలెన్స్ అనే గీత మధ్యలో ఉందో లేదో చూడండి, ఎప్పుడో చెయ్యి తగిలి ఒక పక్కకి జరిగుంటుంది. అదీ కాదంటే ఎడమ ఇయర్‌పీస్ కుడి చెవికి, కుడిది ఎడమకి పెట్టి వినండి. ఇప్పుడు తక్కువ వినపడటం రెండో చెవికి మారితే ప్రాబ్లం ఇయర్‌ఫోన్‌దో ఫోన్‌దో, అదే చెవికి తక్కువ వినపడుతుంటే మీ చెవిని డాక్టర్‌కి చూపించాలి, చెవిలో గులిమి గట్టిపడినా ఇలానే ఉంటుంది, దాన్ని ఇంట్లో గెలకొద్దు.

వైర్‌వి వాడేవాళ్ళకి ఒక వింత ప్రాబ్లం వస్తుంటుంది, మ్యూజిక్ అంతా వినపడుతుంది కానీ పాడేవాళ్ళ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది, లేదా అసలు వినపడదు. ఇది చూసి భయపడక్కర్లేదు. పాటల్లో గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది. జాక్ పూర్తిగా లోపలికి దిగక గ్రౌండ్ (రెండు వైపులకీ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి) తగలకపోతే రెండు వైపుల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది, సమానంగా ఉన్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, అందుకే గొంతు మాయం. ఫోన్ కవర్ మందంగా ఉండి జాక్‌ని ఆపుతుందేమో చూడండి, జాక్ రంధ్రంలో జేబులోని నూలు పేరుకుందేమో చూడండి, చెక్క టూత్‌పిక్‌తో ఫోన్ ఆఫ్ చేసి మెల్లగా తియ్యొచ్చు. ఇవేవీ కాకపోతే జాక్ రకం తేడా అయ్యుండొచ్చు. మైక్ ఉన్న 3.5 ఎంఎం జాక్ మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు భాగాలు, అందులో మైక్, గ్రౌండ్ ఏది ముందు అనేదాంట్లో సీటీఐఏ, ఓఎంటీపీ అని రెండు పద్ధతులున్నాయి, ఇప్పటివన్నీ దాదాపు సీటీఐఏనే, పాతవాటిల్లో రెండోది కనపడుతుంది. మైక్ బటన్ నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగొచ్చిందంటే ఇదే ప్రాబ్లం, మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది.

జాక్ లేని ఫోన్లకి టైప్ సీ కన్వర్టర్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త, అందులో డాక్ (ఫోన్ డిజిటల్‌గా పంపేదాన్ని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్ సౌండ్‌గా మార్చే చిన్న చిప్) ఉందని రాసుంటేనే తీస్కోండి. కొన్ని ఫోన్లు మాత్రమే టైప్ సీ లోంచి నేరుగా అనలాగ్ సౌండ్ పంపిస్తాయి, మామూలు కన్వర్టర్ వాటిల్లోనే పని చేస్తుంది, మిగతా ఫోన్లలో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. డాక్ ఉన్నదైతే ఎక్కువ ఫోన్లలో నడుస్తుంది.

వైర్ చెడిపోయేది రెండు మూడు చోట్లే, జాక్ మొదట్లో, వై లాగా చీలే చోట, ఇయర్‌పీస్ దగ్గర. తీసేటప్పుడు వైర్ పట్టి లాగకుండా జాక్ పట్టుకుని లాగితే సగం ఆయుష్షు పెరుగుతుంది. ఫోన్ చుట్టూ బిగించి చుట్టే అలవాటు మానేయండి, వదులుగా చుట్టలా చుట్టి చిన్న డబ్బాలో పెట్టుకోండి. నడుస్తుంటే వైర్ బట్టలకి రాసుకుని చెవిలో గరగరలాడుతుంటే వైర్‌ని చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకోండి, చాలావరకు తగ్గిపోతుంది. ఇంకోసారి కొనేటప్పుడు వైర్ ఊడదీసి మార్చుకునే రకం చూడండి, ఇప్పుడు తక్కువ రేటువాటిల్లో కూడా 0.78 ఎంఎం టూ పిన్ వి వస్తున్నాయి, వైర్ పోతే వైరొక్కటే మార్చుకోవచ్చు. నా ఉద్దేశంలో తక్కువ డబ్బుకి సౌండ్ ఒక్కటే ముఖ్యం అనుకుంటే ఇలాంటి వైర్‌దే తీస్కోవాలి, బ్లూటూత్‌వాటిల్లో డబ్బంతా బ్యాటరీకీ చిప్‌కీ డబ్బాకీ పోతుంది.

కానీ చాలామంది వాడేది బ్లూటూత్ బడ్సే కాబట్టి వాటి సంగతి. ఒక బడ్ చార్జ్ ఎక్కట్లేదు, కనెక్ట్ అవట్లేదు అంటే ముందు చూడాల్సింది బడ్ మీదా కేస్ లోపలా ఉండే బంగారు రంగు చుక్కల్ని. చెమటా మురికీ పట్టి కరెంట్ పోదు, కొత్తవయితే సన్నటి ప్లాస్టిక్ పొర అంటించే ఉంటుంది, అది తియ్యడం మర్చిపోతారు. దూది పుల్లకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి ఆరాక పెట్టండి. అయినా కుదరకపోతే ఫోన్ బ్లూటూత్ లిస్ట్‌లోంచి దాన్ని ఫర్గెట్ కొట్టి, రెండు బడ్సూ కేస్‌లో పెట్టి రీసెట్ చేసి మళ్ళీ పెయిర్ చేయండి, రీసెట్ పద్ధతి మోడల్ మోడల్‌కీ మారుతుంది, డబ్బాలో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్ని పారేయకండి.

లాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవ్వగానే సౌండ్ పాత టెలిఫోన్ లాగా అయిపోతుందని చాలామంది బాధ. బడ్స్ పాడయ్యి కాదు, మామూలు బ్లూటూత్‌లో మంచి స్టీరియో సౌండూ మైకూ రెండూ ఒకేసారి నడవవు, మైక్ ఆన్ అవ్వగానే కాల్స్ మోడ్‌లోకి మారి క్వాలిటీ పడిపోతుంది. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్ దగ్గర లాప్‌టాప్ సొంత మైక్ ఎంచుకుని, స్పీకర్ దగ్గర మాత్రం బడ్స్ పెట్టండి, సౌండ్ మళ్ళీ మామూలుగా వస్తుంది, మీ గొంతు కూడా అవతలివాళ్ళకి చాలాసార్లు ఇంకా బాగా వినపడుతుంది.

బయట నడుస్తుంటే సౌండ్ తెగిపోతూ ఉంటే ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి ముందుకి, లేదా రెండో పక్క జేబుకి మార్చి చూడండి. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మన ఒంట్లోని నీరు బాగా అడ్డుకుంటుంది. గేమ్స్‌లో తుపాకీ పేలాక కాసేపటికి శబ్దం వస్తుంటే లో లేటెన్సీ మోడ్ (ఆ ఆలస్యం తగ్గించేది) ఉందేమో చూడండి, వీడియో యాప్స్ అయితే చాలావరకు బొమ్మని సౌండ్‌కి తగ్గట్టు అవే సర్దుకుంటాయి.

డబ్బా మీద రాసేవాటి గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ మోసపోయినవాళ్ళని చూసి బాధేస్తుంది. ఈఎన్‌సీ అని పెద్దక్షరాలతో ఉంటే అది బయటి గోల మీకు తగ్గించేది కాదు, మీరు కాల్ మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి మీ చుట్టూ ఉన్న గోల తగ్గించేది. మీ చెవికి గోల తగ్గించేది ఏఎన్‌సీ, అది కూడా ఫ్యాన్, ఇంజిన్ లాంటి ఒకే తీరుగా మోగే మోత మీదే బాగా పని చేస్తుంది, మనుషుల మాటల మీద తక్కువ. ఐపీఎక్స్ 4 అంటే అన్ని వైపుల్నుంచీ పడే తుంపర్లు తట్టుకుంటుందని, చెమటకి సరిపోతుంది, స్నానానికీ ఈతకీ కాదు, పైగా ఆ రేటింగ్ ఎక్కువగా బడ్స్‌కే, కేస్‌కి ఉండదు, తడి బడ్స్ కేస్‌లో పెట్టేసి మూత వెయ్యొద్దు, తుడిచి పెట్టండి. డ్రైవర్ 13 ఎంఎం కాబట్టి 6 ఎంఎం కన్నా బాగుంటుందని కూడా లేదు, ట్యూనింగ్ ఎలా చేశారనేదే ముఖ్యం.

సౌండ్ ఇంకా నచ్చకపోతే ఈక్వలైజర్ (బేస్, కీచు లాంటివి విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) వాడండి, కానీ బేస్ గీత పైకి లాగేయకండి, చిన్న డ్రైవర్ తట్టుకోలేక గరగరమంటుంది. దానికి బదులు ఎక్కువనిపించేదాన్ని తగ్గించండి. కీచుగా ఉంటే 3 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ కిందికి దించి చూడండి, గొంతు మొద్దుగా ఉంటే 200, 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం దించండి.

వాల్యూమ్ సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే, పిల్లలకి 75 అయితే వారానికి 40 గంటలని. అంటే పది డెసిబెల్స్ పెంచితే టైం పదో వంతుకి పడిపోయింది. రబ్బర్ల గురించి అంతసేపు చెప్పడానికి అసలు కారణం ఇదే, సీల్ బాగుంటే బయటి గోల అడ్డం పడి తక్కువ వాల్యూమ్‌లోనే అన్నీ వినపడతాయి. వినడం ఆపాక చెవుల్లో గుయ్యిమంటే ఆ రోజుకి ఎక్కువైందని, అదే పనిగా అలా ఉంటుంటే డాక్టర్‌ని కలవండి. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు రెండూ తీసేయండి.

ఇవన్నీ చేసినా వైర్ కదిలిస్తేనే సౌండ్ వస్తుంటే లోపల తెగిపోయినట్టే, సోల్డరింగ్ తెలిసినవాళ్ళుంటే జాక్ మార్పించొచ్చు. బ్లూటూత్‌వి ఫుల్ చార్జ్ పెట్టినా అరగంటకి ఆగిపోతుంటే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయింది, చాలావాటిని విప్పి మార్చేలా చెయ్యరు కాబట్టి ఇక పెద్దగా ఏం చెయ్యలేం. కేస్ గానీ బడ్ గానీ ఉబ్బినట్టు అనిపించినా, పట్టుకోలేనంత వేడెక్కినా మాత్రం మళ్ళీ చార్జ్ పెట్టకండి, గుచ్చకండి, మామూలు చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.