డ్రాప్-డౌన్ షీట్‌ను నలుగురి చేతికి ఇచ్చే ముందు

డ్రాప్-డౌన్ (సెల్‌లో జాబితాలోంచి విలువ ఎంచుకునే సౌకర్యం) పెట్టిన కొత్త ఎక్సెల్ షీట్‌లో ఎంట్రీలు మొదలవ్వకముందే ఇవి చూసుకోండి. వెయ్యి వరుసలు నిండాక సరిచేయడం నరకం.

పేస్ట్ విషయం అందరికీ ముందే చెప్పండి. వేరే సెల్ కాపీ చేసి మామూలుగా పేస్ట్ చేస్తే ఎక్సెల్‌లో డ్రాప్-డౌన్ చడీచప్పుడు లేకుండా పోతుంది. పేస్ట్ వాల్యూస్ (విలువ మాత్రమే అతికించడం) వాడితే డ్రాప్-డౌన్ రూల్ మిగులుతుంది, కానీ పడిన విలువ సరైనదో కాదో అది చూడదు. అందుకే రోజూ పని ముగిశాక డేటా వాలిడేషన్ మెనూలోని 'సర్కిల్ ఇన్‌వాలిడ్ డేటా' నొక్కండి, తప్పు సెల్స్ చుట్టూ ఎర్ర గీత పడుతుంది. రూల్ పెట్టకముందే ఉన్న పాత తప్పులూ ఇలాగే దొరుకుతాయి.

ఎర్రర్ అలర్ట్ (జాబితాలో లేనిది టైప్ చేస్తే వచ్చే హెచ్చరిక) 'స్టాప్' మీదే ఉండాలి. 'వార్నింగ్' అయితే హడావిడిలో ఎవరైనా 'ఎస్' నొక్కేస్తారు. గూగుల్ షీట్స్‌లో అయితే 'రిజెక్ట్' ఎంచుకోండి.

జాబితాకు పేరు పెట్టి వాడుతుంటే మధ్యలో ఖాళీ సెల్ ఉండకూడదు. అలా ఉండి, డేటా వాలిడేషన్‌లో 'ఇగ్నోర్ బ్లాంక్' టిక్ కూడా ఉంటే ఏం టైప్ చేసినా తీసుకుంటుంది! చాలామందికి తెలియని చిక్కు ఇదే.

జాబితాలో పదాల చివర స్పేస్ వెతకండి. 'పూర్తయింది' రెండుసార్లు కనిపిస్తోందంటే ఒకదాని వెనక స్పేస్ ఉండొచ్చు. అప్పుడు లెక్కలు రెండుగా చీలిపోతాయి.

జాబితా ఉన్న సెల్స్ రేంజ్ చేత్తో టైప్ చేస్తే డాలర్ గుర్తులు ($A$1:$A$10 లాగా) మరవకండి, లేకపోతే కింది వరుసలకు వెళ్లేకొద్దీ జాబితాలో పై పేర్లు మాయమవుతాయి.

మూల జాబితాను టేబుల్‌గా మార్చి వేరే షీట్‌లో పెట్టండి. కొత్త పేరు చేర్చగానే డ్రాప్-డౌన్‌లోకి వస్తుంది.