జాతీయ రగ్బీ జట్టు ఎంపిక మీద వాదనకు దిగే ముందు

ఫలానా ఆటగాణ్ని ఎందుకు వదిలేశారని అడగడం తేలిక. అతణ్ని తీసుకోవాలంటే ఎవర్ని బయట కూర్చోబెట్టాలో చెప్పమంటేనే చాలామంది నీళ్ళు నములుతారు. రగ్బీలో ఒక్కో నంబరుకి ఒక్కో పని ఉంటుంది. ఒక పేరు మారిస్తే స్క్రమ్‌లోనో (రెండు జట్ల ఎనిమిదేసి మంది భుజాలు కలిపి బంతి కోసం తోసుకోవడం) లైనౌట్‌లోనో (బంతి పక్క గీత దాటాక లోపలికి విసిరితే పైకి లేచి అందుకోవడం) బెంచీ మీదో ఇంకో చోట లెక్క తప్పుతుంది. కాబట్టి ముందు కాగితం తీసుకుని 1 నుంచి 23 దాకా అంకెలు వేయండి. మొదటి 15 మంది మైదానంలో దిగేవాళ్ళు (1–8 స్క్రమ్‌లో తోసే ఫార్వర్డ్‌లు, 9–15 వాళ్ళ వెనక ఆడే బ్యాక్‌లు), మిగతా 8 మంది బెంచీ మీద. ఆ 23 గడులూ నింపాకే మాట్లాడండి.

ఎక్కణ్ణుంచి నింపాలి

అందరూ ఆట నడిపించే 10 నంబరుతోనో (ఫ్లై హాఫ్), వింగుల్లో, అంటే మైదానం అంచుల్లో పరుగెత్తే కుర్రాళ్ళతోనో మొదలుపెడతారు. మీరు 3తో మొదలుపెట్టండి. స్క్రమ్ ముందు వరుసలో 1 లూజ్‌హెడ్ ప్రాప్, 2 హుకర్, 3 టైట్‌హెడ్ ప్రాప్. లూజ్‌హెడ్ ప్రాప్‌కి స్క్రమ్‌లో ఒక భుజం ఖాళీగా ఉంటుంది. టైట్‌హెడ్‌కి రెండు భుజాలూ అవతలివాళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. ఆ ఒక్కడు నిలబడలేకపోతే స్క్రమ్ మొత్తం వెనక్కి నడుస్తుంది, రెఫరీ చెయ్యి అవతలివైపు లేస్తుంది. పెనాల్టీ ఇచ్చిన ప్రతిసారీ 3 పాయింట్లో, టచ్‌కి (పక్క గీత బయటికి) తన్నితే సగం మైదానమో పోతుంది. ప్రపంచస్థాయి టైట్‌హెడ్‌లు చాలా దేశాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమందే ఉంటారు. దొరికినవాణ్ని రాసేసి, తర్వాత 2, 1 నింపండి.

లాక్‌ల (4, 5 నంబర్ల) దగ్గర ఒకటి మర్చిపోకండి. ఇద్దరిలో ఒకరికి లైనౌట్ నడిపించడం రావాలి, అంటే అవతలివాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూసి బంతి ఎవరికి వేయాలో చెప్పేవాడు. ఇద్దరూ బలంగా ఢీకొట్టేవాళ్ళే అయితే కాగితం మీద భయంకరంగా కనిపిస్తారు, మ్యాచ్‌లో మాత్రం సొంత త్రో పోగొట్టుకుంటారు.

6, 7, 8 నంబర్లను ముగ్గురు వ్యక్తులుగా చూడకండి, పనుల లెక్కన చూడండి. రక్ దగ్గర (నేల మీది బంతి కోసం ఇరువైపులవాళ్ళు తోసుకునే చోట) బంతి లాక్కునేవాడు ఒకడు, లైనౌట్‌లో మూడో జంపర్ (బంతికి పైకి లేచేవాడు) ఒకడు, బంతి పట్టుకుని ఎదురెళ్ళేవాడు ఒకడు కావాలి. బంతి లాక్కునేవాళ్ళనే ఇద్దర్ని పెడితే జంపర్ తగ్గుతాడు. 2015లో ఆస్ట్రేలియా డేవిడ్ పోకాక్‌ని 8లో, మైకేల్ హూపర్‌ని 7లో ఆడించి ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్ళింది. అయితే లైనౌట్ బరువు 6 నంబరు స్కాట్ ఫార్డీ మీద, లాక్‌ల మీద పడింది. అలాంటి జోడీని కోరేవాళ్ళు ఆ ధర కూడా చెప్పాలి.

9 (స్క్రమ్ హాఫ్), 10 నంబర్లను జంటగానే ఎంచుకోవాలి. ఒకే క్లబ్బులో కలిసి ఆడేవాళ్ళయితే సగం పని అయిపోయినట్టే. 12, 13 (సెంటర్లు) కూడా అంతే. వింగర్లు (11, 14), ఫుల్‌బ్యాక్ (15) చివర్లో. పైకి లేచిన బంతిని పట్టడం రానివాడు ఎంత వేగంగా పరుగెత్తినా ఈ రోజుల్లో టెస్ట్ (దేశాల మధ్య మ్యాచ్) వింగర్‌గా నిలవడం కష్టం.

బెంచీ: సగం తగాదాలు ఇక్కడే

23 మంది జట్టులో ముందు వరుస ఆడగల శిక్షణ ఉన్నవాళ్ళు కనీసం 6 మంది ఉండాలని నిబంధన. కాబట్టి 16, 17, 18 నంబర్లు మీ ఇష్టం కావు: హుకర్, లూజ్‌హెడ్, టైట్‌హెడ్. మీ చేతిలో ఉన్నవి మిగిలిన అయిదే.

ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదు. ముందు వరుసలో దిగడానికి అర్హుడు లేక స్క్రమ్‌లో తోపులాట ఆపాల్సి వస్తే, ఆ పరిస్థితికి కారణమైన ఆటగాడి స్థానంలో ఇంకొకర్ని పంపడానికి వీల్లేదు. 2022 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఇటలీకి ఇదే జరిగింది. హుకర్ జాన్‌మార్కో లుకేసీ గాయపడి బయటికొచ్చాడు. అతని బదులు దిగిన హామే ఫైవాకి రెడ్ కార్డ్ చూపించారు. మూడో హుకర్ లేడు. దాంతో రెడ్ కార్డ్‌తో పోయినవాడు కాక, ఈ నిబంధన కింద ఇటలీ మరొకర్ని కూడా తీసేసి 13 మందితో ఆడాల్సి వచ్చింది. ఐర్లండ్ 57–6తో గెలిచింది. ఇటలీ 13 మందితో ఎందుకు ఆడిందో తెలియనివాళ్ళు ఆ మ్యాచ్ చూపించి కోచ్‌ని తిట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది.

మామూలు పద్ధతి 5–3: అయిదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు. 6–2 ఇప్పుడు సాధారణమైపోయింది. 7–1ని 2023లో దక్షిణాఫ్రికా వాడింది. ఆ ఏడాది ప్రపంచకప్ ఫైనల్లో బెంచీ మీద ఉన్న ఒకే ఒక్క బ్యాక్ విల్లీ లె రూ; ఫాఫ్ డి క్లర్క్‌కి బదులు దిగడానికి స్క్రమ్ హాఫ్ బెంచీ మీద లేడు. న్యూజిలాండ్ మీద 12–11తో గెలిచారు కాబట్టి గొప్ప ఎత్తుగడ అయింది. అదే 7–1తో గ్రూప్ దశలో ఐర్లండ్ మీద 13–8తో ఓడిపోయారు. కాబట్టి ఫలితాన్ని బట్టి బెంచీని తూచొద్దు. 7–1 కోరేవాళ్ళని ఒకటే అడగండి: 9 నంబరు 15వ నిమిషంలో తలకి దెబ్బ తగిలి బయటికెళ్తే అతని చోట ఎవరు? మొదటి 15 మందిలోనే ఇద్దరు ముగ్గురు బ్యాక్‌లు రెండేసి చోట్ల ఆడగలిగితేనే అది కుదురుతుంది.

ప్రపంచకప్ జట్టు వేరే లెక్క

2019లో 31 మందిని తీసుకెళ్ళనిచ్చారు, 2023లో 33కి పెంచారు. గాయంతో ఒకసారి జట్టు నుంచి బయటికి పోయినవాడు మళ్ళీ రాలేడు. ఆటగాడి బదులు అదే స్థానం ఆడేవాణ్నే పిలవాలని ఏమీ లేదు. ఇక్కడే అసలైన నిర్ణయాలు కనిపిస్తాయి.

దక్షిణాఫ్రికానే చూడండి. 2023 టోర్నీ మధ్యలో హుకర్ మాల్కమ్ మార్క్స్ మోకాలి గాయంతో వెళ్ళిపోతే, అతని బదులు ఫ్లై హాఫ్ హాండ్రే పొలార్డ్‌ని పిలిచారు. జట్టులో అసలు హుకర్ అంటే బొంగి ఎంబొనాంబి ఒక్కడే మిగిలాడు. ఫ్లాంకర్‌గా (6, 7 నంబర్లలో) కూడా ఆడే డియోన్ ఫూరీ రెండోవాడు. చాలామంది ఇది పిచ్చిపని అన్నారు. సెమీఫైనల్లో ఇంగ్లండ్ మీద చివరి పెనాల్టీ కొట్టి 16–15తో గెలిపించింది పొలార్డే. ఫైనల్లో 12 పాయింట్లూ అతనివే. మరి నష్టం? ఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే ఎంబొనాంబి గాయపడ్డాడు, ఫూరీ దాదాపు మ్యాచ్ అంతా ఆడాడు, లైనౌట్ తడబడింది. ఒకే నిర్ణయంలో లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. ఒక్కటే చెప్పేవాడి మాట నమ్మకండి.

అదే ఏడాది ఆస్ట్రేలియాకి ఎడ్డీ జోన్స్ కోచ్. ఫ్లై హాఫ్ క్వేడ్ కూపర్‌ని, హూపర్‌ని వదిలేసి, అసలు సిసలు ఫ్లై హాఫ్‌గా కార్టర్ గోర్డన్ ఒక్కణ్నే తీసుకెళ్ళాడు. రెండో వికెట్ కీపర్ లేకుండా నెల రోజుల టూర్‌కి వెళ్ళినట్టు. గోర్డన్ తడబడితే బెన్ డొనాల్డ్‌సన్‌ని అక్కడికి జరపాల్సి వచ్చింది. దానికి తోడు లాక్ విల్ స్కెల్టన్, టైట్‌హెడ్ టానియెలా టుపౌ గాయపడ్డారు. ఫిజీ చేతిలో 22–15, వేల్స్ చేతిలో 40–6. ప్రపంచకప్ చరిత్రలో ఆస్ట్రేలియా మొదటిసారి గ్రూప్ దశలోనే ఇంటికి వెళ్ళింది. మీరు 33 పేర్లు రాసేటప్పుడు 2, 3, 9, 10 నంబర్లకి మూడో మనిషి ఎవరో ముందు రాయండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

బయటి నుంచి తెచ్చుకునేవాళ్ళు

ఎవరు ఏ దేశానికి ఆడొచ్చో అంతర్జాతీయ పాలకసంస్థ వరల్డ్ రగ్బీ నిబంధనలు తేలుస్తాయి. ఆటగాడు ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరో, తాత అమ్మమ్మల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి. అవేవీ లేకపోతే వరసగా 60 నెలలు ఆ దేశపు యూనియన్‌లోనే (జాతీయ రగ్బీ సంఘం) ఆటగాడిగా నమోదై ఉండాలి, లేదా మొత్తమ్మీద పదేళ్ళు అక్కడ నివసించి ఉండాలి. ఒకప్పుడు వరసగా 36 నెలలు నివసిస్తే చాలు. జేమ్స్ లో, బండీ అకీ, జేమిసన్ గిబ్సన్-పార్క్ ఐర్లండ్‌కి ఆ పాత గడువు కిందే వచ్చారు. వాళ్ళని చూపించి ఇప్పుడు కూడా మూడేళ్ళు చాలంటే లెక్క తప్పుతుంది.

2022 నుంచి ఒక వెసులుబాటు ఇచ్చారు: ఒక దేశానికి ఆడినవాడు మూడేళ్ళు అంతర్జాతీయ రగ్బీకి దూరంగా ఉంటే, పుట్టుకనో కుటుంబ మూలాలనో బట్టి ఒకే ఒక్కసారి ఇంకో దేశానికి మారొచ్చు. ఆస్ట్రేలియాకి ఆడిన జాక్ డెంప్సీ స్కాట్లండ్‌కి, న్యూజిలాండ్‌కి ఆడిన చార్లెస్ పియుటౌ టోంగాకి అలాగే వెళ్ళారు. పేరు ప్రతిపాదించే ముందు అతని ఆఖరి టెస్ట్ తేదీ చూసి మూడేళ్ళు కలపండి.

ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో పెరిగిన మన తెలుగు పిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తాతగారు గుంటూరులో పుట్టి ఉంటే వరల్డ్ రగ్బీ లెక్కన ఆ కుర్రాడు భారత్‌కి అర్హుడే. కానీ మన ప్రభుత్వ విధానం ప్రకారం జాతీయ జట్టుకి భారత పాస్‌పోర్టు కావాలి, ఒలింపిక్స్ సెవెన్స్‌కి (ఏడుగురి రగ్బీ) ఎలాగూ పౌరసత్వం ఉండాల్సిందే. 2025 రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌కి విదేశీయులు ఆడారు కాబట్టి భారత జట్టుకీ ఆడతారని అనుకోవద్దు. అది ఫ్రాంచైజీ లీగ్.

దొరుకుతాడా, లేదా

అర్హత ఉన్నా అందుబాటులో లేనివాళ్ళు చాలామంది. న్యూజిలాండ్ సొంతగడ్డ మీద ఆడేవాళ్ళనే తీసుకుంటుంది. 2023 తర్వాత రిచీ మొవుంగా జపాన్ క్లబ్బుకి వెళ్ళగానే ఆల్ బ్లాక్స్‌కి (న్యూజిలాండ్ జట్టు) దూరమయ్యాడు. ఇంగ్లండ్ కూడా అసాధారణ కారణం ఉంటే తప్ప బయటివాళ్ళని తీసుకోదు. ఆస్ట్రేలియా 2015లో 60 టెస్టులు, 7 ఏళ్ళ సేవ ఉన్నవాళ్ళకి తలుపు తెరిచింది, మ్యాట్ గిటో అలాగే వచ్చాడు. వేల్స్ 60 టెస్టుల నిబంధనని 2023లో 25కి తగ్గించింది. దక్షిణాఫ్రికాకి ఈ గొడవే లేదు, ఎక్కడున్నా పిలుస్తుంది.

తేదీలు కూడా చూడాలి. అంతర్జాతీయ మ్యాచ్‌లకి కేటాయించిన వారాల్లోనే క్లబ్బులు ఆటగాళ్ళని వదిలిపెట్టాలి. దానికి బయట మ్యాచ్ పెట్టుకుంటే వదలక్కర్లేదు. వేల్స్ డబ్బు కోసం ఇలాంటి మ్యాచ్‌లు పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. 2021 అక్టోబర్ 30న న్యూజిలాండ్ చేతిలో 54–16, 2025 నవంబర్ 29న దక్షిణాఫ్రికా చేతిలో 73–0. ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బుల్లో ఆడేవాళ్ళు అందుబాటులో లేని రోజు స్కోరు చూపించి ఎంపికదారుణ్ని నిలదీయడం అన్యాయం. ఆ తేదీ ఒప్పుకున్న యూనియన్‌ని నిలదీయాలి.

కోచ్‌ని తూచడం

ఓటమిని మూడు ముక్కలు చేయండి: ఎంపికా, పథకమా, అమలా. సొంత లైనౌట్‌లో 85 శాతం కంటే తక్కువ గెలుస్తుంటే ముందు హుకర్‌ని, లైనౌట్ నడిపేవాణ్ని చూడండి, ఆ తర్వాత ఫార్వర్డ్స్ కోచ్‌ని. పెనాల్టీలు 10 దాటితే క్రమశిక్షణ, లేదా స్క్రమ్. అవతలి 22 మీటర్ల గీత దాటి లోపలికి ఎన్నిసార్లు వెళ్ళారు, వెళ్ళిన ఒక్కోసారికి సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో రాసుకోండి. 12 సార్లు వెళ్ళి 15 పాయింట్లతో వచ్చారంటే దాడి కోచ్‌ని అడగాలి. 4 సార్లే వెళ్ళారంటే జబ్బు అంతకంటే వెనకాల, కిక్‌లలోనో సెట్‌పీస్‌లోనో (స్క్రమ్, లైనౌట్) ఉంది. 60వ నిమిషం తర్వాత స్కోరు విడిగా రాయండి, బెంచీ సంగతి అక్కడే తేలుతుంది.

కోచ్ వారెన్ గాట్లండ్ 14 వరస ఓటముల తర్వాత 2025 ఫిబ్రవరిలో వేల్స్‌ని వదిలాడు. అతని తప్పులున్నాయి. అయితే అలన్ విన్ జోన్స్, టిపురిక్, బిగర్, హాఫ్‌పెన్నీ లాంటి సీనియర్లు అప్పటికే టెస్టులు మానేశారు, వింగర్ రీస్-జమిట్ అమెరికన్ ఫుట్‌బాల్‌కి వెళ్ళాడు. తాత్కాలిక కోచ్ మ్యాట్ షెరాట్ కింద కూడా ఇంకో నాలుగు ఓడి వరస 18కి చేరింది, కోబెలో జపాన్ మీద 31–22తో గెలిచాకే తెగింది. కోచ్ మారినా మారనిది ఏమిటో చూడాలంటే ఇదే దారి: పాత కోచ్ చివరి ఆరు మ్యాచ్‌లు, కొత్త కోచ్ మొదటి ఆరు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి పై అంకెలే పోల్చండి. సిక్స్ నేషన్స్‌లో (ఏటా జరిగే ఆరు యూరప్ దేశాల టోర్నీ) ఒక ఏడాది సొంతగడ్డ మీద మూడు మ్యాచ్‌లు వస్తే మరుసటి ఏడాది రెండే వస్తాయి కాబట్టి, ఆ టోర్నీని నిరుటి దాంతో కాకుండా రెండేళ్ళ కిందటి దాంతో పోల్చుకోండి.