అక్కడ ఉంగరమో నట్టో ఇరుక్కుంటే వెంటనే ఏం చెయ్యాలి

మగాళ్ళకి అంగం మీద ఉంగరం, నట్టు, పైపు ముక్క, బాటిల్ మూతి లాంటివి ఇరుక్కుపోవడం క్యాజువాల్టీలో డాక్టర్లు చూసే కేసే, కొత్తేం కాదు. సిగ్గుపడి రాత్రంతా దాచుకుని, నల్లబడ్డాక పొద్దున వస్తారు చూడండి, అప్పుడే కష్టం.

చిన్నప్పుడు వేలికి దారం బిగించి చుట్టుకుంటే కొస ఎర్రగా అయ్యి తర్వాత ఊదా రంగుకి తిరిగేది కదా, అదే ఇది. లోపలికి రక్తం వస్తూనే ఉంటది, బయటికి తీసుకెళ్ళే సిరలు పల్చన కాబట్టి ముందు అవే నొక్కుకుపోతాయి, దాంతో వాపు, వాచేకొద్దీ రింగు ఇంకా బిగుస్తది, చివరికి వచ్చే రక్తం కూడా ఆగిపోతే కండ చచ్చిపోతది.

ఇప్పుడే ఇరుక్కుని, రంగు మామూలుగానే ఉంటే వెల్లకిలా పడుకుని అంగాన్ని పొట్ట మీదికి ఎత్తి పెట్టండి, గుడ్డలో చుట్టిన ఐసు ఐదు పది నిమిషాలు పెట్టి, కొబ్బరి నూనె రాసి మెల్లగా ఒక్కసారి లాగి చూడండి. రాకపోతే వదిలెయ్యండి. పట్టకారు, హ్యాక్సా బ్లేడు ఇంట్లో అస్సలు వద్దు. నీలంగా నల్లగా మారినా, స్పర్శ తెలియకపోయినా, మూత్రం రాకపోయినా ఆ ఒక్కసారి కూడా ట్రై చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకి నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవచ్చు, నొప్పి లేదు కదా అని ఆగొద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా వెళ్ళండి.

యూరాలజీ (మూత్ర సంబంధ సమస్యలు చూసే విభాగం) ఉన్న పెద్దాసుపత్రి అయితే మంచిది. అక్కడ ఒక పద్ధతి ఉంది, దారం కొస రింగు కిందుగా దూర్చి, మిగతాది ముందువైపు వాపు మీద వరసగా బిగించి చుట్టి, ఆ కొస పట్టి విప్పుకుంటూ వస్తే రింగు కొంచెం కొంచెం ముందుకి జారతది. నిలిచిపోయిన రక్తాన్ని ముందు సూదితో లాగాల్సి రావచ్చు. గట్టి స్టీలు నట్టు మామూలు రింగు కట్టర్‌కి తెగదు, అప్పుడు గ్రైండరే, అందుకే కొన్నిసార్లు ఫైర్ వాళ్ళని కూడా పిలుస్తారు, చర్మానికీ నట్టుకీ మధ్య రేకు పెట్టి, వేడికి కాలకుండా నీళ్ళు పోస్తూ కోస్తారు. ఎప్పుడు ఇరుక్కుంది, ఏ లోహం అన్నది దాచకుండా చెప్పండి, టూల్ దాన్ని బట్టే తీస్తారు.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. పక్క తడపకూడదని దారం కట్టుకునే పిల్లలున్నారు, పసిబిడ్డలకైతే అమ్మ తలవెంట్రుక చుట్టుకుపోతది, వాపులో మునిగి కంటికి కనపడదు. బిడ్డ ఊరికే గుక్కపట్టి ఏడుస్తుంటే డైపర్ విప్పి చూడండి.

తీసేశాక మూత్రం ధార సన్నబడినా, పక్కనుంచి కారినా మూత్రనాళం దెబ్బతిందేమో, మళ్ళీ యూరాలజిస్ట్‌కి చూపించుకోండి.