పులికాట్ పీత కడప వంటింటికి వచ్చాక

ఐసు పెట్టెలోంచి పీతలు కొనేటప్పుడు తాజాదనం చూస్తాం. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి విష లోహాలు మాత్రం రంగుకూ వాసనకూ దొరకవు. ఉప్పూ పసుపూ వేసి తోమినా పోవు. అవి పైన అంటిన మురికి కాదు, పీత ఒంట్లో కలిసిపోయినవి. ఏది కొనాలి, ఏ భాగం పారేయాలి అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులో నీరు సముద్రంలోలా కదలదు. ముఖద్వారం ఇసుకతో పూడితే మరీనూ. కాలువలు మోసుకొచ్చిన లోహం అడుగు బురదలో దిగుతుంది. దక్షిణాన బకింగ్‌హామ్ కాలువ ఆ సరస్సును చెన్నై దగ్గరి ఎన్నూరు వైపుతో కలుపుతుంది, అక్కడున్నవి బొగ్గు కాల్చే థర్మల్ విద్యుత్ కేంద్రాలు. సరస్సు సరుకంతా విషమని కాదు గానీ, బురదలో మేసే పీతలకూ ఆల్చిప్పలకూ లోహం ముందు చేరుతుంది.

పీతను వండకముందే డిప్ప ఊడదీయండి. లోపలి పసుపుపచ్చ గుజ్జు, పక్కల ఈకల్లాంటి మొప్పలు తీసి పారేయండి. కాడ్మియం ఎక్కువగా నిలిచేది ఆ గుజ్జులోనే. పులుసుకు రుచి తెచ్చేదీ అదేనంటారు, కాదనలేం. నారింజరంగు గట్టి సొన వేరు, అది గుడ్లు. పీతను మొత్తంగా ఉడకబెట్టి తర్వాత శుభ్రం చేస్తే గుజ్జు కరిగి కండలోకీ నీళ్లలోకీ దిగుతుంది. పొరపాటున అలా ఉడికిస్తే ఆ నీళ్లు పారబోయండి.

రొయ్యలకు తల తీసేయాలి. సంతలో కొన్న ఎండు రొయ్యలకైతే తలా కాళ్లూ గిల్లి, వేయించి, చాటలో చెరగండి. దంచిన రొయ్యల పొడిలో తలలు కలిసే ఉంటాయి కాబట్టి కొనకండి. ఎండితే నీరు పోతుంది, లోహం పోదు. కిలో ఎండు చేపకు మూడు నాలుగు కిలోల పచ్చి చేప పడుతుంది. అంటే 50 గ్రాముల ఎండు చేప తింటే 150 నుంచి 200 గ్రాముల పచ్చి చేప తిన్న లెక్క.

పాదరసం దారి వేరు. అది కండలోని మాంసకృత్తులకే అతుక్కుంటుంది, వేపుడు చేసినా పులుసు పెట్టినా అక్కడే ఉంటుంది. చేపల్ని తిని బతికే పెద్ద చేపల్లో ఎక్కువ. పాలు పడతాయని బాలింతకు సొర చేపతో సొరపుట్టు చేసి పెడతారే, ఆ సొర ఈ కోవలోదే. గర్భిణికీ, బాలింతకూ, పసిపిల్లలకూ సొర వద్దు. వాళ్లకు కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు మేలు. గర్భిణికీ, బాలింతకూ అలాంటి చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాములు చాలు.

పరీక్ష చేయించాలంటే గుర్తింపు ఉన్న ల్యాబుకే పంపండి. అరకిలో సరుకును కండ ఒక సంచిలో, గుజ్జు ఒక సంచిలో వేరుచేసి గడ్డకట్టించండి. వార్తాపత్రికలో చుట్టకండి. ఫలితం పచ్చి బరువు లెక్కన, కిలోకు మిల్లీగ్రాముల్లో అడగండి. ఎండు బరువు లెక్కన ఇస్తే అంకె నాలుగైదింతలు పెరిగి కనిపిస్తుంది. చేప కండలో సీసానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు. ఆర్సెనిక్ మొత్తం చాలా వచ్చిందని హడలిపోకండి. సముద్రపు సరుకులో చాలావరకు హాని చేయని సేంద్రియ రూపమే ఉంటుంది, హాని చేసే అకర్బన ఆర్సెనిక్ ఎంతో విడిగా రాయించుకోండి.