చెన్నైలో పాత మారుతి ఎస్టీమ్ కొనేముందు ఏమేం చూసుకోవాలి?

1994లో వచ్చిన మారుతి ఎస్టీమ్‌ అంటే ఇప్పటికీ ఇష్టపడేవాళ్లు చెన్నైలోని మన తెలుగువాళ్లలో ఉన్నారు. 1.3 లీటర్ ఇంజిన్, తేలికైన బాడీ. వారాంతంలో ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లిరావడానికి ఈనాటికీ చక్కటి బండి. అయితే ఉప్పుగాలికి తుప్పు పట్టే ఈ ఊళ్లో కొనేటప్పుడు ఇంజిన్ కంటే ముందు బాడీ రేకు చూడండి. ఇదే ఇంజిన్ మారుతి వాళ్ల జీపు జిప్సీలోనూ వాడారు కాబట్టి దాని సామాను ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కుళ్లిన ఫ్లోర్‌కి మాత్రం వెల్డింగే గతి.

1. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి. లోపల మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ నొక్కండి. చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల అడుగు అంచులు, బ్యాటరీ కింది రేకు ముందుగా తుప్పు పడతాయి. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క వీధుల్లో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండైతే ఇంకా జాగ్రత్త. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద ఆనించండి. అతుక్కోని చోట పెయింట్ కింద పుట్టీ ఉన్నట్టే.

2. 2015, 2023 డిసెంబరు వరదల్లో మునిగిందేమో చూడాలి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద మరక కనిపించవచ్చు. సీటు పట్టాలు, డ్యాష్‌బోర్డు కింది స్క్రూలు తుప్పుపట్టి ఉంటే ఆ బండి వదిలేయండి. వైరింగ్‌తో వచ్చే టెన్షన్ ఎంత తక్కువ ధరకైనా తీరదు.

3. ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తర్వాత ఏసీ వేసి, నిలిపిన చోటే పావుగంట నడవనివ్వండి. టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతూ పోకూడదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, కొనగానే కొత్తది వేయించండి. పెట్రోల్‌లో ఇథనాల్ పెరిగింది కాబట్టి పాత రబ్బరు పైపులు కూడా మార్పిస్తే మంచిది.

4. బండి నచ్చినా ఆర్సీ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి, ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022లో 5,000 అయింది. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు మళ్లీ పెంచారు. గడువు దగ్గర పడి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. బండిని నెల్లూరులోనో తిరుపతిలోనో ఏడాదికి మించి ఉంచుకునేటట్టయితే ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకు అమ్మేవాళ్ల సంతకాలు బేరం కుదిరిన రోజే తీసుకోండి.