‘లెన్నీ’ (1974) చూడబోతున్నారా? నవ్వు ఎక్కడ ఆగిపోతుందో గమనిస్తూ చూడండి

మొదటిసారి ఈ సినిమా పెట్టి అరగంటకే ఆపేశాను నేను. బాలేక కాదు, ఎవరు ఎప్పటి సంగతి మాట్లాడుతున్నారో పట్టు దొరకలేదు, ఒక నిమిషం పెళ్ళి కబురు, వెంటనే స్టేజీ, వెంటనే ఇంకెవరో కుర్చీలో కూర్చుని పాత సంగతులు చెప్తుంటారు. తర్వాత కొన్నాళ్ళకి, సినిమా ఎవరి కథో ఆ అమెరికన్ స్టాండప్ కమెడియన్ లెన్నీ బ్రూస్ గురించి కాస్త చదువుకుని మళ్ళీ కూర్చున్నా, ఈసారి లేవలేదు. ఇంత మంచి సినిమాని మీరు అలా మధ్యలో వదిలేయకూడదనే ఇది రాస్తున్నా.

ముందుగా అసలు మనిషి ఎవరో తెలుసుకోండి, పది నిమిషాలు చాలు. పుట్టినప్పుడు పేరు లియొనార్డ్ ష్నైడర్, 1925లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక యూదుల ఇంట్లో పుట్టాడు, అమ్మ శాలీ మార్ కూడా స్టేజీ మీద కామెడీ చేసిన మనిషే. 1951లో హనీ అనే స్ట్రిప్ డ్యాన్సర్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు, 1957లో విడాకులు. 1961 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాజ్ వర్క్‌షాప్ అనే క్లబ్బులో స్టేజీ మీద ఒక బూతు మాట అన్నందుకు అరెస్ట్ చేశారు, ఆ కేసులో బయటపడ్డాడు గానీ అక్కడి నుంచి పోలీసులు ఊరూరా వెంటపడ్డారు. 1964లో న్యూయార్క్‌లో కెఫే ఆ గో గో కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని అశ్లీలం కింద నాలుగు నెలల శిక్ష వేశారు. అప్పీలు తేలకుండానే 1966 ఆగస్టు 3న మార్ఫిన్ ఓవర్‌డోస్‌తో పోయాడు, అప్పటికి నలభై ఏళ్ళే. ఇదంతా తెలిస్తే సస్పెన్స్ పోతుందేమో అనుకోకండి, చచ్చిపోయిన మనిషి గురించి మిగిలినవాళ్ళు చెప్పుకోవడంతోనే సినిమా నడుస్తుంది.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్న కాపీనే చూడండి, ఇది తప్పనిసరి. లెన్నీగా వేసిన డస్టిన్ హాఫ్‌మన్ చాలా స్పీడుగా మాట్లాడతాడు, మధ్యలో యూదులు మాట్లాడే యిడ్డిష్ మాటలు కూడా పడుతుంటాయి. పిల్లలు, పెద్దవాళ్ళు తిరిగే హాల్లో వద్దు, నగ్నత్వం ఉంది, డ్రగ్స్ ఉన్నాయి, బూతులైతే సరేసరి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే సిట్టింగ్‌లో చూసేయండి, రెండు గంటల్లోపే అయిపోతుంది.

కాలాలు కలిసిపోకుండా ఉండటానికి నేను పట్టుకున్న గుర్తు గడ్డం. గడ్డంతో స్టేజీ మీద కనపడితే అది చివరి రోజుల లెన్నీ, నున్నగా గీసుకుని ఉంటే పాత రోజులు. కుర్చీలో కూర్చుని మాట్లాడేవాళ్ళు ముగ్గురే, హనీ, అమ్మ శాలీ, ఏజెంటు. ప్రశ్నలు అడిగే మనిషి తెర మీద కనపడడు, గొంతు మాత్రం వినపడుతుంది, ఆ గొంతు డైరెక్టర్ బాబ్ ఫాసీదే. సినిమా మొదలవ్వడమే హనీ పెదాల మీద మొదలవుతుంది, నలుపు తెలుపులో తెరంతా పెదాలే, మనిషి మొహం చూడకముందే మాట వింటాం. ఆ పాత్ర వేసిన వ్యాలరీ పెరీన్ అంతకుముందు లాస్ వేగస్‌లో షోగర్ల్‌గా చేసింది, ఈ పాత్రకే 1975 కాన్స్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. హాఫ్‌మన్ కోసం కూర్చున్నా మీరు ఈవిడని వదలకండి, నా మటుకు సినిమా ప్రాణం ఈవిడే.

ఇక అసలు విషయం. కథ కంటే క్లబ్బులో జనం నవ్వుని ఫాలో అవ్వండి. మొదట్లో చిన్నచిన్న చోట్ల మిమిక్రీ, అరిగిపోయిన జోకులు, ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఆ జోకుల్లో సరుకు లేదు. తర్వాత తను నిజంగా అనుకునేది మాట్లాడటం మొదలుపెట్టాక జనం పగలబడి నవ్వుతారు. ఒకచోట క్లబ్బులో ఉన్న జనాన్ని జాతులవారీగా తిట్టు మాటలతో లెక్కపెడతాడు, వినగానే ఒళ్ళు జలదరిస్తుంది, ఆపేయాలనిపిస్తుంది, ఆపొద్దు, ఆ బిట్ చివరిదాకా వినండి, ఆ మాటల్ని దాచిపెట్టడమే వాటికి విషం ఎక్కిస్తుందని అతని వాదన. ఒప్పుకోవాలని లేదు, నేను కూడా పూర్తిగా ఒప్పుకోను, కానీ వాదన పూర్తిగా వినకుండా అతని మీద తీర్పు చెప్పడం అన్యాయం, కోర్టులో జరిగింది అదే కదా.

కేసులు మొదలయ్యాక చూడండి, స్టేజీ ఎక్కి జోకుల బదులు కోర్టు కాగితాలు చదువుతుంటాడు, నవ్వు పలచబడుతూ వస్తుంది. ఆ తర్వాత ఆ షాట్. డ్రగ్స్ మత్తులో ఒంటి మీద రెయిన్‌కోటు, ఒక కాలికే సాక్సు, స్టేజీ మీద తడబడుతుంటాడు, మాట ముక్కలుముక్కలుగా వస్తుంది. ఫాసీ కెమెరాని దూరంగా పెట్టి కట్ చేయకుండా అలా వదిలేశాడు, దగ్గరికి వెళ్ళడు, మొహం చూపించడు, మనం కూడా టికెట్ కొనుక్కుని వెనక వరసలో ఇరుక్కుపోయినట్టే ఉంటుంది. అక్కడ ఫార్వర్డ్ కొట్టకండి. ఎవరైనా నవ్వితే బాగుండు అని మనకే అనిపిస్తుంది, ఆ ఇబ్బంది పూర్తిగా పడితేనే తర్వాత వచ్చే కోర్టు సీను తగులుతుంది.

కోర్టు సీనుకి ముందు ఒక నిజం సంగతి గుర్తుపెట్టుకోండి. న్యూయార్క్ కేసులో లైసెన్స్ డిపార్ట్‌మెంట్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన షోకి వచ్చి నోట్స్ రాసుకెళ్ళాడు, తర్వాత కోర్టులో ఆ నోట్స్ చూసి లెన్నీ షోని వినిపించాడు. అందులో టైమింగ్ లేదు, గొంతు లేదు, జనం నవ్వు లేదు, ఒట్టి బూతు మాటలు మిగిలాయి. తన షో ఇంకొకడు చెడగొట్టి చేస్తుంటే దానికి నాకు శిక్షా అని లెన్నీ గోల. ఇది తెలిసి చూస్తే, జడ్జి ముందు నిలబడి నా షో నన్నే చేసి చూపించనివ్వండి అని బతిమాలుకునే సీనులో గొంతు పట్టేస్తుంది, హాఫ్‌మన్ అక్కడ అద్భుతం. పాత కథ అని కూడా అనుకోలేం, కామెడీకి జైలు మన దగ్గరా చూశాం, మునవ్వర్ ఫారూఖీ 2021లో ఇండోర్‌లో అరెస్టై నెల పైనే లోపల ఉన్నాడు, 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళా వేదికలో అతని షో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది.

చివర్లో నేల మీద పడి ఉన్న శవం ఫొటోతో సినిమా ఆగిపోతుంది. సినిమాలో లేనిది, ఉండే అవకాశమే లేనిది ఒకటుంది. ఆ న్యూయార్క్ కేసులోనే లెన్నీతో పాటు శిక్ష పడిన క్లబ్ ఓనర్ తర్వాత అప్పీల్లో బయటపడ్డాడు, లెన్నీ చనిపోవడంతో అతని శిక్ష మాత్రం రికార్డులో అలాగే ఉండిపోయింది. 2003 డిసెంబర్ 23న న్యూయార్క్ గవర్నర్ జార్జ్ పటాకీ క్షమాభిక్ష ఇచ్చాడు, చనిపోయిన మనిషికి ఆ రాష్ట్రంలో అలా ఇవ్వడం అదే మొదటిసారి.

సినిమా అయ్యాక కాస్త గ్యాప్ ఇచ్చి అసలు లెన్నీ గొంతు వినండి, ఈ పని మాత్రం వదలొద్దు. సినిమా అతన్ని కొంచెం సాధువుని చేసేసిందని పాలిన్ కేల్ లాంటి క్రిటిక్స్ అప్పట్లోనే తిట్టారు, వాళ్ళు అన్నదాంట్లో నిజం ఉంది, హాఫ్‌మన్ స్టేజీ మీద జనం ప్రేమ కోసం చూస్తున్నట్టు ఉంటాడు, అసలు మనిషి అలా కాదు, గడుసు, మాట మీద మాట దొర్లించుకుంటూ పోతాడు. 1961 ఫిబ్రవరి 4 అర్ధరాత్రి, న్యూయార్క్ అంతా మంచు తుఫాను, అయినా కార్నెగీ హాల్‌కి జనం వచ్చారు, ఆ రాత్రి రికార్డింగ్ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో అరెస్టుకి ఎనిమిది నెలల ముందు సంగతి. అది పెట్టుకుని అతని మాటల మధ్యలో హాలు ఎలా నవ్వుతోందో వినండి.